రాజావారి వారసుల సంతకం ఉంటే భూమి మనదేనా? ఎస్టేట్ భూముల మీద అపోహలు - వాస్తవాలు

విశాఖలో సివిల్ ప్రాక్టీసు చేసే ఏ లాయర్నైనా అడిగి చూడండి. నెలలో ఒకరైనా మడతల దగ్గర చిరిగిపోయిన కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వస్తారు. "రాజావారి భూమండీ. వారసులే అమ్ముతున్నారు. బయటి రేటులో సగానికే ఇస్తామంటున్నారు. ఒక్కసారి చూసి ఓకే అనండి మేడమ్." కాగితం విప్పేలోపే తెలిసిపోతుంది, అడ్వాన్సు ఇచ్చేసి వచ్చారని. ఓకే అనిపించుకోడానికే వచ్చారు, అడగడానికి కాదు.

భోగాపురం ఎయిర్‌పోర్టు మాట మొదలైన దగ్గర్నుంచీ ఇది మరీ ముదిరింది. ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు ఎకరం ధర పెరిగినకొద్దీ పాత జమీందారీ కాగితాలు పుట్టుకొస్తున్నాయి. 2017లో జిల్లాలో భూరికార్డుల తారుమారు మీద ప్రభుత్వం సిట్ (ప్రత్యేక దర్యాప్తు బృందం) వేయాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి. నేను ఏ రాజకుటుంబాన్నీ వేలెత్తి చూపడం లేదు. నా అనుభవంలో ఆ కుటుంబాలకు తెలియకుండా వాళ్ల పేరు వాడేసుకునేవాళ్లే ఎక్కువ.

అపోహ: ఊరు ఊరంతా రాజుగారి సొంతం. ఆయన మనవలు అమ్మితే చెల్లుతుంది.

మన జిల్లాలో జనాన్ని నిలువునా ముంచుతున్నది ఇదే. అందుకే దీని దగ్గరే ఎక్కువసేపు కూర్చుంటాను. మిగతావి గబగబా చెప్పేస్తాను.

ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు, 1765-66 నాటికి ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చాయి. అప్పటికే ఇక్కడ విజయనగరం పూసపాటివారు, బొబ్బిలివారు, కురుపాం, సాలూరు, మాడుగుల, జయపురంవారు పాతుకుపోయి ఉన్నారు. కోట, సైన్యం, తగవు తీర్చే అధికారం, పన్ను వసూలు, అన్నీ వాళ్లవే. కంపెనీకి వీటన్నిటితో పనిలేదు. ఏటా ఇంత అని ఖాయంగా ముట్టే సొమ్ము కావాలి. బెంగాల్లో 1793లో కారన్‌వాలిస్ పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతినే 1802లో 25వ రెగ్యులేషన్ ద్వారా మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. విజయనగరం ఎస్టేటుకి (జమీందారీకి) పేష్కషు, అంటే కంపెనీకి కట్టాల్సిన సొమ్ము, ఏటా 5 లక్షల రూపాయలుగా ఖాయమైంది. జమీందారు ఆ పేష్కషు కట్టాలి. రైతుల దగ్గర వసూలు చేసినదాంట్లో మిగిలింది తను ఉంచుకోవచ్చు. కట్టలేకపోతే ఎస్టేటు వేలానికి పోతుంది. సైన్యమూ లేదు, పోలీసు అధికారమూ లేదు. అంటే 1802 తర్వాత మనవాళ్లు "ప్రభువులు" అని పిలిచినవాళ్లు చట్టం కళ్లకు ప్రభుత్వం తరఫున శిస్తు వసూలు చేసే హక్కుదారులు.

కారన్‌వాలిస్ మనసులో ఉన్నది ఇంగ్లండు దొరలు. అక్కడ లార్డుకి నేల సొంతం, సాగుచేసేవాడు కౌలుదారు. అలాంటి వర్గమొకటి ఇక్కడా తయారైతే వ్యవసాయం బాగుపడుతుంది, కంపెనీకి అండగా కూడా ఉంటుందని లెక్క వేసుకున్నాడు. 1802 రెగ్యులేషన్ రాసినవాళ్లు కూడా నేల మీద యాజమాన్యం జమీందారుదేనన్నట్టు రాసేశారు. బ్రోకర్లు ఈనాటికీ పట్టుకు తిరిగేది ఆ ముక్కనే. సనదు (సర్కారు ఇచ్చిన హక్కుపత్రం) నకలు చూపించి "చూడండి, సర్కారే రాసిచ్చింది" అంటారు.

కానీ ఇరవయ్యేళ్లు తిరక్కుండానే కంపెనీ నాలిక కరుచుకుంది. 1822 నాటి 4వ రెగ్యులేషన్‌లో, 1802 చట్టాల ఉద్దేశం రైతుల హక్కుల్ని తగ్గించడమో తీసేయడమో కాదని స్పష్టంగా చెప్పింది. తర్వాత కోర్టులూ అదే దారి పట్టాయి. 1897లో వెంకటనరసింహ నాయుడు, దండమూడి కోటయ్య కేసులో మద్రాసు హైకోర్టు, ఇక్కడి జమీందారుకీ రైతుకీ ఉన్న సంబంధం ఇంగ్లండు భూస్వామికీ కౌలుదారుకీ ఉన్నలాంటిది కాదని తేల్చింది. రైతు హక్కు జమీందారు దయతో ఇచ్చినది కాదు. రాజు వాటా మేల్వారం, రైతు వాటా కుడివారం. మేల్వారం జమీందారు చేతికి వెళ్లింది, అంతే. 1908 ఎస్టేట్స్ ల్యాండ్ యాక్టు వచ్చాక జిరాయితీ, అంటే రైతులు సాగుచేసుకునే భూమి మీద రైతు శాశ్వత సాగుహక్కు చట్టంలోకే ఎక్కింది. అమ్ముకోవచ్చు, పిల్లలకి ఇచ్చుకోవచ్చు. 1937లో మద్రాసు రెవెన్యూ మంత్రిగా టంగుటూరి ప్రకాశం పంతులుగారు ఒక కమిటీకి అధ్యక్షత వహించారు. 1938లో ఆ కమిటీ నివేదిక మొహమాటం లేకుండా చెప్పింది: భూమికి యజమాని రైతే, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే.

మరి జమీందారు మనవడు జిరాయితీ భూమిని ఎకరాల లెక్కన అమ్మడమేమిటి? టోల్‌గేటు పాట పాడుకున్నవాడి మనవడు వచ్చి హైవే రాసిస్తానంటే కొంటామా?

ఇక అసలు దెబ్బ 1948ది. మద్రాసు ఎస్టేట్స్ రద్దు, రైత్వారీగా మార్పిడి చట్టం, ఆ ఏడాది 26వ చట్టం. రైత్వారీ అంటే జమీందారు మధ్యలో లేకుండా రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టే పద్ధతి. ఒక ఎస్టేటుని నోటిఫై చేసిన రోజున మూడో సెక్షన్ కింద ఏమవుతుందో చదివితే చాలామంది అడ్వాన్సు ఇవ్వరు. ఎస్టేటు మొత్తం, అంటే బంజర్లు, పోరంబోకులు, పచ్చికబయళ్లు, అడవులు, గనులు, క్వారీలు, వాగులు, చెరువులు, చేపల రేవులు, పడవ రేవులతో సహా ప్రభుత్వపరం అయిపోతుంది. ఏ తాకట్టూ ఏ అప్పూ అంటకుండా. 1949 నుంచి మన పక్క ఎస్టేట్లు వరసగా నోటిఫై అయ్యాయి. జమీందారులకు పరిహారం ఊరికే పోలేదు. వార్షిక ఆదాయంలోంచి లెక్కగట్టిన ఒక మొత్తానికి, ఎస్టేటు పరిమాణాన్ని బట్టి 12½ రెట్ల నుంచి 30 రెట్ల దాకా ఇచ్చారు. చిన్న ఎస్టేటుకి ఎక్కువ రెట్లు, పెద్దదానికి తక్కువ. ట్రిబ్యునల్‌లో డిపాజిట్ చేస్తే అప్పులవాళ్లు, మనోవర్తి హక్కుదారులు, వాటాదారులు అందరూ అక్కడే పంచుకున్నారు. ఆ లెక్క అక్కడితో సరి. దేశంలోని ఇలాంటి రద్దు చట్టాలు కోర్టుల్లో కొట్టుకుపోకూడదనే 1951లో రాజ్యాంగానికి మొదటి సవరణ తెచ్చి, 31-ఏ, 31-బీ అధికరణాలు, తొమ్మిదో షెడ్యూలు పెట్టారు.

"అంటే వాళ్లకి ఏమీ మిగల్లేదా మేడమ్?" అని అడుగుతారు. మిగిలింది. ఇక్కడే బ్రోకరు కాళ్లు పెట్టడానికి చోటు దొరుకుతుంది. జమీందారు సొంతంగా సాగు చేయించుకున్న కమతం భూములకు 12 నుంచి 15 దాకా ఉన్న సెక్షన్ల కింద సెటిల్‌మెంట్ ఆఫీసరు విచారణ జరిపి, తేలినవాటికి జమీందారు పేరునే రైత్వారీ పట్టా ఇచ్చారు. సొంతానికి కట్టుకున్న భవనాలు కూడా, 18వ సెక్షన్ ప్రకారం, వారికే ఉండిపోయాయి. అలాంటి భూమి కొనొచ్చు, తప్పులేదు. కానీ అప్పుడు వాళ్ల దగ్గర సెటిల్‌మెంట్ ఉత్తర్వు ఉంటుంది, పట్టా నంబరు ఉంటుంది, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌లో (రద్దు తర్వాత ఏ సర్వే నంబరు ఎవరిదో రాసిన రిజిస్టరులో) ఆ పేరు ఉంటుంది. 1973 భూసంస్కరణల చట్టం కింద సీలింగు (గరిష్ఠ భూపరిమితి) డిక్లరేషన్‌లో ఆ భూమిని చూపించి ఉంటారు. ఈ నాలుగూ లేకుండా "మా తాతగారి ఎస్టేటు కాబట్టి మాదే" అంటే, మర్యాదగా మంచినీళ్లు తాగి లేచి రావడమే.

మరి మోసం ఎలా నడుస్తుంది? నాకు కనిపించే దారులు ప్రధానంగా రెండు.

ఒకటి, రాజీ డిక్రీ. వారసులమని చెప్పుకునే ఇద్దరు ఒకరి మీద ఒకరు పార్టిషన్ దావా వేసుకుంటారు. షెడ్యూల్‌లో ఒక ఊరి కొండ పోరంబోకు, చెరువు గర్భం, పక్కనున్న రైతుల జిరాయితీ అన్నీ రాసేస్తారు. తర్వాత రాజీ పడతారు. కోర్టు ఆ రాజీని రికార్డు చేస్తుంది. ఆ డిక్రీ సర్టిఫైడ్ కాపీ మీద రంగుల స్టాంపులు చూసి మనవాళ్ల టెన్షన్ సగం తగ్గిపోతుంది. ఆ డిక్రీ ఆ ఇద్దరినీ కట్టడి చేస్తుంది. దావాలో పార్టీగా లేని ప్రభుత్వాన్నీ రైతునీ అది ఏమీ చేయలేదు.

రెండోది, జీపీఏ, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. వారసుడి పేరున ఎవరో ఇచ్చిన పవర్, దాని మీద ఇంకొకరికి పవర్, చివరికి మీకు అమ్మకం అగ్రిమెంటు. జీపీఏతో అమ్మకం యాజమాన్యం బదిలీ చేయదని సుప్రీంకోర్టు 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పేసింది. అయినా నడుస్తూనే ఉంది.

దొంగ కాగితాల్ని పట్టుకోడానికి లాయరు అక్కర్లేదు, కాస్త చరిత్ర తెలిస్తే చాలు. ఒకాయన తెచ్చిన 1931 నాటి పట్టాలో చిరునామా "విజయనగరం జిల్లా" అని ఉంది. ఆ జిల్లా పుట్టింది 1979 జూన్ 1న. "బాబాయ్‌గారూ, ఇది రాసినవాడు మీకంటే చిన్నవాడు" అన్నాను. ఆయన నవ్వలేదు. స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరైన మనిషి. పీఎఫ్ డబ్బులో పెద్ద ముక్క అప్పటికే ఆ కాగితం కింద పోయింది. ఇలాంటప్పుడు ఏం మాట్లాడాలో ఇన్నేళ్ల ప్రాక్టీసులోనూ నాకు చేతకాలేదు.

ఎస్టేటు దాఖలాల్లో (శిస్తు రసీదుల్లో) తేదీలు ఫసలీలో, అంటే శిస్తు లెక్కల సంవత్సరంలో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లిషు సంవత్సరం వస్తుంది, ఫసలీ ఏడు జూలైలో మొదలవుతుంది. ఫసలీ 1342 అంటే 1932-33. పైన ఫసలీ 1342 అని, కింద సంతకం దగ్గర 1938 అని ఉన్న రసీదు కూడా నా బల్ల మీదికి వచ్చింది. ఇంకా చూడండి: ఆరో జార్జి బొమ్మ ఉన్న స్టాంపు మీద 1930 నాటి దస్తావేజు ఉండదు, ఆయన గద్దెనెక్కింది 1936 డిసెంబరులో. నయాపైసలు 1957 ఏప్రిల్‌కి ముందు లేవు. చాలా జమీందారీ గ్రామాల్లో ఇప్పుడు మనం వాడే సర్వే నంబర్లు రద్దు తర్వాత జరిగిన సర్వే సెటిల్‌మెంట్‌లో వచ్చినవే. రద్దుకి ముందటి పట్టాలో ఈనాటి సర్వే నంబరు, సబ్‌డివిజన్‌తో సహా చక్కగా కనిపిస్తే ముందు అనుమానించండి. మా తాతగారు ఎస్టేటు ఠాణాలో, అంటే శిస్తు కచేరీలో, గుమాస్తాగా పనిచేశారు. ఆయన చేతిరాత మొత్తం గొలుసుకట్టు. ముచ్చిలికలు (రైతు రాసిచ్చే ఒప్పుకోలు పత్రాలు), దాఖలాలు చదవడం ఆయన పక్కన కూర్చునే నేర్చుకున్నాను. శిస్తు కట్టడానికి వచ్చిన రైతు ముందు గుమ్మం దగ్గర చెప్పులు వదలాలి, తర్వాత అక్కడి ఉద్యోగి అమీనుకి మామూలు ఇవ్వాలి, ఆ తర్వాతే రసీదు అని చెప్పేవారు. ఆ గొలుసుకట్టు రాతని అచ్చు దింపగలిగే దొంగని నేనింకా చూడలేదు. ఈ కాలం వాళ్లు విడివిడి అక్షరాలే రాస్తారు.

కొనేవాళ్లు అడగాల్సింది ఒక్క వరుసే. సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌లో ఆ సర్వే నంబరు ఎదురుగా ఏముంది? జిరాయితీ అని ఉంటే, పట్టాదారు ఎవరు? అక్కడి నుంచి ఈ రోజు అమ్మేవాడి దాకా లింకు డాక్యుమెంట్లు తెగకుండా ఉన్నాయా? పోరంబోకు, బంజరు అని ఉంటే అది ప్రభుత్వానిది. ఎవరికైనా అసైన్ చేసి (పేదలకు పంచి) ఉంటే, అలాంటి భూమి అమ్మకాన్ని కట్టడి చేసే 1977 చట్టం అడ్డొస్తుంది, అది వేరే చిక్కు. తర్వాత 22-ఏ జాబితా (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా) చూడండి. ఆన్‌లైన్‌లో 1-బీ (ఇప్పటి హక్కుదారుల రికార్డు) కనిపించింది కదా అని సంబరపడకండి. అది నిన్నటి మాట. ఫెయిర్ అడంగల్ అసలు మాట.

అపోహ: రాజావారి తరఫు నుంచి నోటీసు వచ్చింది, ఇక పొలం ఖాళీ చేయాల్సిందే.

ఇది రెండో వైపు. కొనేవాళ్లు డబ్బు పోగొట్టుకుంటే, ఈ నోటీసుల వల్ల ఉన్నవాళ్లు నిద్ర పోగొట్టుకుంటున్నారు. పద్మనాభం మండలం నుంచి ఒక మామ్మ వచ్చింది. చేతిలో లాయరు నోటీసు. "రాజుగోరి బూమంట తల్లీ. మా మావగోరి కాడ్నుంచి మేమే దున్నుకుంతన్నాం. ఇప్పుడు డబ్బు కట్టకపోతే లాగేసుకుంతారంట. ఏటి సెయ్యమంటావు?" ఆమె కొడుకు అప్పటికే బ్రోకరుతో "సెటిల్‌మెంటు" మాట్లాడేశాడు, ఎకరానికి ఇంత అని.

మామ్మలాంటివాళ్లకి చెప్పేది ఇదే: రద్దు చట్టం 11వ సెక్షన్ కింద, నోటిఫై అయిన రోజుకి సాగులో ఉన్న జిరాయితీ రైతుకి రైత్వారీ పట్టా పొందే హక్కు ఉంది. మీ పేరో, మీ మామగారి పేరో, ఆయన తండ్రి పేరో ఫెయిర్ అడంగల్‌లో ఉంటే, ఏ వారసుడూ మిమ్మల్ని కదిలించలేడు. పట్టా కాగితం ఇంట్లో చెదలు తిన్నా సరే, రికార్డు ఆఫీసులో ఉంటుంది, నకలు తీసుకోవచ్చు. మామ్మ విషయంలో అదే అయింది. ఆమె మామగారి పేరు అడంగల్‌లో గుండ్రంగా ఉంది. నోటీసుకి ఒక పేజీ జవాబు ఇచ్చాం. అవతలివాళ్లు మళ్లీ నోరెత్తలేదు.

కొంతమందికి ఇంత సులువుగా తెమలదు. పేరు తప్పు పడి ఉంటుంది, లేదా తాత అన్నదమ్ముల్లో ఒకరి పేరే ఎక్కి ఉంటుంది. వాటికి ఓపిక కావాలి, కుటుంబ వంశవృక్షం కావాలి, శిస్తు రసీదులు కావాలి. భయపడి బ్రోకరుకి డబ్బు ఇవ్వడం మాత్రం మందు కాదు. ఇంకో ముఖ్యమైన మాట: "రాజీ పత్రం" మీద వేలిముద్ర వేస్తే, భూమి మీది కాదని మీరే ఒప్పుకున్నట్టు తర్వాత చూపిస్తారు. చదవకుండా వేయొద్దు. చదివాక ఎలాగూ వేయరు.

అపోహ: రిజిస్ట్రేషన్ అయిపోయింది కాబట్టి టైటిల్ ఉన్నట్టే.

లేదు. అమ్మేవాడికి లేని హక్కు రిజిస్ట్రేషన్‌తో పుట్టదు. సబ్‌రిజిస్ట్రారు మీకు టైటిల్ గ్యారంటీ ఇవ్వడు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కూడా జరిగిన లావాదేవీల జాబితాయే, ఆ లావాదేవీ సరైనదా కాదా అది చెప్పదు.

అపోహ: ఇవన్నీ సంస్థానాలు. రాజభరణం వచ్చేది. 1971 దాకా వాళ్లు రాజులే.

1971లో 26వ సవరణతో రాజభరణాలు రద్దయ్యాయి, నిజమే. కానీ అవి దేశీయ సంస్థానాల పాలకులకు. మద్రాసు ప్రెసిడెన్సీ పరిధిలో అలాంటివి పుదుక్కోట, బనగానపల్లె, సండూరు, కొచ్చిన్, తిరువాన్కూరు. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, జయపురం ఎంత పెద్దవైనా జమీందారీలే. మహారాజా అన్నది బిరుదు. బిరుదులకు కూడా ఇప్పుడు రాజ్యాంగం 18వ అధికరణం కింద ప్రభుత్వ గుర్తింపు లేదు. జాగీరు కాగితాలు చూపిస్తే మరీ నవ్వొస్తుంది. జాగీర్లు నిజాం రాజ్యం వ్యవహారం, అక్కడ 1949 ఆగస్టు 15న రద్దు చేశారు. విశాఖలో జాగీరు ఎక్కడి నుంచి వచ్చింది?

అపోహ: పెద్దకొడుకు వంశం కాబట్టి సర్వహక్కులూ ఈయనవే.

పెద్ద ఎస్టేట్లకు విభజన లేకుండా పెద్దవాడికే పోయే ఆచారం ఉండేది. 1904లో మద్రాసు ఇంపార్టిబుల్ ఎస్టేట్స్ చట్టం కూడా వచ్చింది. ఎస్టేటే పోయాక ఆ ఆచారం దేనికి తగిలించుకోవాలి? మిగిలిన సొంత ఆస్తికి 1956 హిందూ వారసత్వ చట్టం వర్తిస్తుంది. ఒక్కరి సంతకంతో కొంటే మిగిలిన వారసులు, ఆడపిల్లలతో సహా, రేపు దావా వేస్తారు. దత్తపుత్రుడి కథలు చెప్పేవాళ్లకైతే అంతం లేదు. దత్తత దస్తావేజు చూపించమనండి, చాలు.

అపోహ: దేవుడి మాన్యం అంటే రాజుగారిచ్చిందే కదా, ఆ కుటుంబం ఓకే అంటే చాలు.

చాలదు. ఒకసారి దేవుడికి ఇచ్చాక ఇచ్చినవాడికి దాంట్లో చెయ్యి పెట్టే హక్కు లేదు. ధర్మకర్త హోదా వేరు, యాజమాన్యం వేరు. ఇనాం (మాన్యంగా ఇచ్చిన) భూములకు 1956 నాటి 37వ చట్టం ఉంది, దాని కింద ఎవరికి పట్టా వచ్చిందన్నదే ప్రశ్న. సింహాచలం పంచగ్రామాల సంగతి మీ అందరికీ తెలిసిందే. అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి. వేల కుటుంబాలు ఇళ్లు కట్టుకుని, రిపేరు చేయించుకోవాలన్నా భయపడుతూ బతికాయి. దాని మీద ఇక్కడ తీర్పు చెప్పను. అక్కడ చౌకగా వస్తోందని చెప్పి ఎవరైనా మీకు అంటగట్టబోతే మాత్రం, చౌక ఎందుకో మీకే తెలియాలి.

అపోహ: జమీందారులంతా దేవతలు. లేదా, జమీందారులంతా తెల్లవాళ్ల తొత్తులు.

దీనికీ భూమికీ సంబంధం ఏమిటంటారా? ఉంది. "ఎంత దానధర్మాలు చేసిన వంశమండీ, మోసం చేస్తారా" అని వాట్సాప్ ఫార్వర్డు చూపించి డబ్బు కట్టినవాళ్లున్నారు. దానధర్మాలు నిజమే. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఇచ్చిన విరాళం తెలియనివారు లేరు, అక్కడి సైన్స్ కళాశాల ఆ పేరుతోనే ఉంది. డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు 1840లో ఖగోళ వేధశాల పెట్టారు, ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. పాతబస్తీలో కురుపాం మార్కెట్ పేరు ఎక్కడిదో చెప్పక్కర్లేదు. పీవీజీ రాజుగారు రాజవంశంలో పుట్టి సోషలిస్టుగా రాజకీయాల్లోకి వచ్చి, 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి ఆస్తులు విద్యకు ఇచ్చారు.

రెండో పక్క కూడా నిజమే. 1940 ఏప్రిల్ 1న మందస ఎస్టేటులో అడవి హక్కుల కోసం లేచిన రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపితే వీరగున్నమ్మ నేలకొరిగింది. 1937-38లో రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా నడిచి వెళ్లింది జమీందారీ రద్దు చేయమనే. అలాగని అందరూ తెల్లవాళ్ల ముందు వంగినవాళ్లు కాదు. కంపెనీ బకాయిల పేరుతో మచిలీపట్నం వెళ్లి నెలకు 1,200 రూపాయల భత్యం మీద బతకమంటే, విజయనగరం రాజు చిన విజయరామరాజు కుదరదన్నాడు. 1794 జూలై 10న పద్మనాభం దగ్గర యుద్ధంలో చనిపోయాడు. ఇప్పుడు మనం ప్లాట్ల బోర్డులు చూసే పద్మనాభమే అది.

ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. బొబ్బిలి రాజా 1932 నుంచి జస్టిస్ పార్టీ తరఫున మద్రాసు ప్రభుత్వాన్ని నడిపాడు. శాసనసభల్లో జమీందారులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఉండేవి. అలాంటి మనిషిని 1937 ఎన్నికల్లో సొంత బొబ్బిలిలోనే వి.వి.గిరి ఓడించారు. తర్వాత ఎన్నికల్లో నెగ్గిన రాజవంశీకులు ఓట్లడిగే నెగ్గారు. ఈ చరిత్రంతా తెలుసుకోండి, గౌరవించాలనిపిస్తే గౌరవించండి. టైటిల్ చూసేటప్పుడు మాత్రం దాన్ని పక్కన పెట్టండి. సెటిల్‌మెంట్ ఆఫీసరు కూడా పట్టా ఇచ్చేటప్పుడు ఎవరు ఎంత దానం చేశారని అడగలేదు.

అపోహ: అడ్వాన్సు ఇచ్చేశాం, ఇక చేసేదేమీ లేదు.

ఉంది. ముందుగా బాకీ సొమ్ము కట్టడం ఆపేయండి. మిగతాది కడితే రిజిస్ట్రేషన్ చేయిస్తామని ఒత్తిడి చేస్తారు, కట్టొద్దు. అగ్రిమెంటు, బ్యాంకు ట్రాన్స్‌ఫర్ వివరాలు, వాట్సాప్ చాట్లు భద్రం చేయండి. ఫెయిర్ అడంగల్ నకలు తీయించి, టైటిల్ లేదని లాయరు ద్వారా రాతపూర్వకంగా నోటీసు ఇప్పించి డబ్బు వెనక్కి అడగండి. తెలిసే దొంగ కాగితాలు చూపించారని ఆధారముంటే పోలీసులకు ఫిర్యాదు చేయొచ్చు, పాత 420 సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 318(4). ఇంట్లో తిడతారని దాచిపెట్టి ఒంటరిగా కుమిలిపోయేవాళ్లు చాలామంది వస్తారు నా దగ్గరికి, ఎక్కువగా రిటైరైన మగవాళ్లు. ముందు ఇంట్లో చెప్పండి, ఆ తిట్లు ఒక రోజులో అయిపోతాయి. డబ్బు వాపసు దావాకి మాత్రం సాధారణంగా మూడేళ్లే గడువు. "వచ్చే నెల రాజావారు హైదరాబాద్ నుంచి దిగుతారు, అప్పుడు చూద్దాం" అని బ్రోకరు నెలనెలా వాయిదా వేసేది సరిగ్గా ఆ మూడేళ్లు గడిచిపోవడానికే.